ఎవరూ అడగని పాటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను మొదట కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. ఇంజనీరు దొరికితే అదే అడుగుతారు, తప్పులేదు. కానీ ఆ విషయం మీద మన వాట్సాప్ గ్రూపులో రోజుకు అరడజను ఉపన్యాసాలు వస్తూనే ఉన్నాయి. అందుకని, నేను ముప్పై ఏళ్లకు పైగా వింటున్న ఒక పాటల బృందం గురించి చెబుతానన్నాను. కమిటీ కాసేపు ఆలోచించి, "సరే, కానీ నువ్వు పాడకూడదు" అన్న షరతు మీద ఒప్పుకుంది. ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవానికి నేను పాడింది ఇంకా కొందరికి గుర్తున్నట్టుంది.

ఆ బృందం పేరు బీచ్ బాయ్స్. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న హాథార్న్ అనే ఊళ్లో 1961లో మొదలైంది. బ్రయన్, డెనిస్, కార్ల్ విల్సన్ అనే ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల బంధువు మైక్ లవ్, స్నేహితుడు అల్ జార్డీన్. ఒక్క మాటలో చెప్పాలంటే, ఒక ఇంటి పిల్లలు, ఒక బడి పిల్లలు. 2012లో వాళ్లూ తమ యాభయ్యేళ్ల పండుగ చేసుకున్నారు. మిగిలినవాళ్లంతా మనలాగే మళ్లీ ఒకచోట చేరి, ఊరూరా తిరిగి పాడారు, కొత్త ఆల్బమ్ కూడా తెచ్చారు. కాబట్టి ఈ విషయం స్వర్ణోత్సవానికి బొత్తిగా సంబంధం లేనిదేమీ కాదు.

అమెరికాలో వాళ్ల పాటలు నాలుగు మొదటి స్థానానికి వెళ్లాయి: "ఐ గెట్ అరౌండ్", "హెల్ప్ మీ రోండా", "గుడ్ వైబ్రేషన్స్", 1988లో "కొకోమో". ఆఖరిది వచ్చేనాటికి నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. పక్క గదిలో టేప్ రికార్డరుంటే మనకు సొంతంగా ఉన్నట్టే కదా. అలా నాకు వాళ్లు పరిచయమయ్యారు. సముద్రం, ఎండ, కార్లు, అమ్మాయిలు. హుషారుగా ఉండేది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

2003లో మన బ్యాచ్ మిత్రుడొకడు అమెరికా నుంచి వస్తూ ఒక సీడీ తెచ్చిచ్చాడు. 1970 నాటి "సన్‌ఫ్లవర్", 1971 నాటి "సర్ఫ్స్ అప్" అనే రెండు ఆల్బమ్‌లు కలిపి ఒకే సీడీగా వేశారు. అందులో నాకు తెలిసిన పాట ఒక్కటీ లేదు. ఆ రాత్రి మొత్తం విన్నాను. మర్నాడు డ్యూటీకి వెళ్లేముందు మళ్లీ విన్నాను. నేను చెప్పబోయేది ఇలాంటి పాటల గురించే. కచేరీలో ఎవరూ కేకేసి అడగనివి.

ఇంత మంచి పాటలు ఎందుకు మరుగున పడ్డాయి? దానికి కారణాలున్నాయి. "సన్‌ఫ్లవర్" వచ్చినప్పుడు అమెరికా జాబితాలో 151వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన "ఫ్రెండ్స్" 126. కాలం మారింది, యుద్ధాన్ని వ్యతిరేకించే కుర్రకారుకు చారల చొక్కాల బృందం పాతబడిపోయింది. 1974లో కంపెనీ వాళ్లు "ఎండ్‌లెస్ సమ్మర్" అని పాత పాటల సంకలనం వేస్తే అది ఏకంగా మొదటి స్థానానికి వెళ్లింది. అందులో ఉన్నవన్నీ 1965 లోపు పాటలే. జనం మళ్లీ ప్రేమించారు, కానీ వాళ్ల ఇరవయ్యేళ్ల వయసునే ప్రేమించారు. ఆ తర్వాత ఆ మనుషులు పెద్దవాళ్లయ్యారని, భయపడ్డారని, దుఃఖపడ్డారని, ఆ దుఃఖంతో ఇంకా మంచి పాటలు కట్టారని చాలామందికి తెలియలేదు. బడి గ్రూపు ఫొటోలో ఉన్న ముఖాన్నే మనం జీవితాంతం గుర్తుపెట్టుకుంటాం కదా, అలా.

పాటల్లోకి వెళ్లేముందు చిన్న పాఠం. గురువుల ముందు పాఠం చెప్పడం సాహసమే, క్షమించాలి.

మనది ఒంటి స్వరం వెంట నడిచే సంగీతం. ఎంతమంది పాడినా ఒకే బాణీ. బీచ్ బాయ్స్ పాటలో ఒకే క్షణంలో నలుగురైదుగురు వేర్వేరు స్వరాలు పలుకుతారు. ఇళయరాజా పాటల వెనక వినిపించే కోరస్‌ని గుర్తు చేసుకుంటే మీకు అందుతుంది. అసలిది మనకు పరాయిదేమీ కాదు. బాగా శ్రుతి చేసిన తంబురా మీటి చూడండి. అందులో షడ్జమం, పంచమం తీగలే ఉంటాయి. కానీ ఎవరూ మీటని అంతర గాంధారం పైన సన్నగా పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటారు. ఒక తీగ కంపించినప్పుడు దాని అయిదో రెట్టు కంపనం కూడా అందులోనే ఉంటుంది కాబట్టి అలా జరుగుతుంది. స, గ, ప మూడూ కలిస్తే పాశ్చాత్యుల మొదటి స్వరగుచ్ఛం తయారు. ప్రకృతి మన తంబురాలో దాచిపెట్టినదాన్నే వాళ్లు గొంతులకు పంచిపెట్టారు.

ఈ మూడింటిలో మధ్యలో నిలబడే గాంధారాన్ని గమనించండి. పై స్వరం చెవికి ముందు తగులుతుంది. అడుగు స్వరం బరువు మోస్తుంది. మధ్య స్వరాన్ని ఎవరూ కూనిరాగం తీయరు. కానీ ఆ ఒక్కదాన్ని అర మెట్టు దించితే శంకరాభరణం ఛాయ పోయి కీరవాణి ఛాయ వస్తుంది. మొత్తం సంతోషంగా ఉండాలా, దిగులుగా ఉండాలా అన్నది తేల్చేది మధ్యవాడే. బ్రయన్ విల్సన్ కుర్రతనంలో ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే బృందం రికార్డులు మళ్లీ మళ్లీ వేసి, ఒక్కో గొంతును విడదీసి నేర్చుకుని, తమ్ముళ్లకూ తల్లికీ పంచి పాడించేవాడు. ఆ చదువంతా మధ్య గొంతుల చదువే.

ఇక పాటలు.

మొదటిది "ద వార్మ్త్ ఆఫ్ ద సన్", 1964. పేరులో ఎండ ఉంది, పాటలో మాత్రం పోగొట్టుకున్న ప్రేమ. 1963 నవంబరులో అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన రోజుల్లో బ్రయన్, మైక్ కలిసి రాసుకున్నారు. మన సంగీతం మాస్టార్లు దొంగ గొంతు అని మందలించే పలుచని పై గొంతుతో బ్రయన్ పాడాడు. రెండు స్వరగుచ్ఛాల తర్వాత మూడోది మీరు ఊహించని చోటికి వెళుతుంది. మెట్టు ఉందనుకున్నచోట లేకపోతే కడుపులో ఒక్కసారి ఎలా అనిపిస్తుందో అలా అనిపిస్తుంది. దీన్ని ఇంకో పాట వెనక వైపు వేసి అమ్మారు.

రెండోది "కిస్ మీ, బేబీ", 1965. ఇదీ వెనక వైపు పాటే, "హెల్ప్ మీ రోండా" వెనక. పేరు చూసి పిల్లలున్న సభ అని కంగారు పడకండి. పోట్లాడుకున్న జంట రాజీ పాట అది. 1964 డిసెంబరులో విమానంలో తీవ్రమైన ఆందోళనకు గురయ్యాక బ్రయన్ ఊరూరా తిరిగి పాడడం మానుకుని, స్టూడియోలోనే ఉండిపోయాడు. ఆ తర్వాత వచ్చిన "టుడే" ఆల్బమ్‌లో ఒకవైపు చిందులు, రెండోవైపు నెమ్మది పాటలు. రెండోవైపు వినండి. ఆ కుర్రాడు ఏ దారి పట్టాడో తెలుస్తుంది.

మూడోది "అవర్ ప్రేయర్". 1966లో పాడారు, 1969లో "20/20" ఆల్బమ్‌లో వచ్చింది. నిమిషం పైచిలుకు. వాయిద్యాలు లేవు, మాటలు కూడా లేవు. పియానోలో గాంధారం ప్రకృతి గాంధారం కన్నా కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటుంది. అన్ని శ్రుతులకూ సర్దుబాటు చేయాలి కాబట్టి తప్పదు. గొంతులకు ఆ బాధ లేదు, ఒకరినొకరు విని సర్దుకోగలవు. దాదాపు ఒకే వేగంతో తిరిగే రెండు మోటార్ల పక్కన నిలబడితే వూం, వూం అని ఊగే శబ్దం వస్తుంది. ఒకటి సెకనుకు 440 కంపనాలు, ఇంకొకటి 442 అయితే సెకనుకు రెండు ఊగులు. రెండూ సమానమైతే ఊగు ఆగిపోతుంది. గొంతులు కుదిరినప్పుడూ ఇంతే. ఆ నిశ్చలత ఈ పాటలో ఉంది. మన బడి ప్రార్థనలో అలాంటి క్షణం పదేళ్లలో ఒకటో రెండో వచ్చి ఉంటుంది. తొమ్మిదో తరగతి అబ్బాయిల గొంతులు మారి, తమకు తెలియకుండానే మంద్రస్థాయిలో పాడే రోజుల్లో.

నాలుగోది "దిస్ హోల్ వరల్డ్", "సన్‌ఫ్లవర్"లోది. రెండు నిమిషాలు కూడా లేదు. అంతలోనే ఆధార షడ్జమం పదే పదే మారిపోతుంది, అయినా ఎక్కడా కుదుపు తెలియదు. గేర్లు మార్చినట్టు ప్రయాణికుడికి తెలియనివ్వని బస్సు డ్రైవరు పనితనం అది. పాడింది కార్ల్.

అయిదోది అదే ఆల్బమ్‌లోని "ఫరెవర్". డెనిస్ స్వరపరచి పాడాడు. డ్రమ్స్ వాయించేవాడు, అల్లరివాడు. సముద్రం మీద అన్ని పాటలు పాడిన ఆ బృందంలో అలల మీద నిజంగా పలకెక్కి ఆడింది అతనొక్కడే. చివరికి 1983 డిసెంబరులో సముద్రంలోనే మునిగి చనిపోయాడు. అన్న నీడలో ఉండి ఇంత మెత్తని పాట కట్టాడని విన్నవాళ్లకే తెలుసు.

ఆరోది "టిల్ ఐ డై", 1971. మాటలూ బాణీ రెండూ బ్రయన్‌వే. మనసు జబ్బుతో చాలా ఏళ్లు బాధపడ్డ మనిషి. సముద్రం ముందు తానెంత చిన్నవాడినో చెప్పుకున్న పాట. ఓదార్పు మాటల్లో లేదు. చివర గొంతులు ఒకదాని మీద ఒకటి అల్లుకుంటూ మెల్లగా దూరమవుతాయి, ఓదార్పు అక్కడుంది. ఒంటరినని చెప్పే పాటను ఒక్క గొంతుతో పాడకుండా అందరితో పాడించాడు.

ఇప్పుడు నా సంగతి రెండు మాటలు. దాదాపు మూడు దశాబ్దాలు టర్బైన్ల పక్కన గడిపిన చెవులు నావి. మా వృత్తిలో చాలామందికి ఉన్నట్టే 4000 కంపనాల దగ్గర నా వినికిడి గీత పల్లంలోకి దిగింది, కుడి చెవిది మరీ లోతుగా. స, ష, త లాంటి హల్లులు జారిపోతాయి. మా అమ్మాయి ఫోన్లో మాట్లాడితే సగం ఊహించుకుంటాను. పొద్దుట ఈ సభలో నన్ను పలకరించినప్పుడు నవ్వి ఊరుకున్నానంటే, పొగరు కాదు, వినబడలేదు. దయచేసి ఎడమ వైపు రండి.

బ్రయన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపు వినబడేది కాదు. అందుకని స్టీరియో ఆయనకు పనికిరాలేదు. "పెట్ సౌండ్స్"ను 1966లో మోనోలోనే తయారుచేశాడు. దాని స్టీరియో రూపం బయటికొచ్చింది 1997లో. రెండు చెవులున్నవాడు అటూ ఇటూ విడదీసి వినేదాన్ని ఆయన ఒకే చోట పోగుచేశాడు. ఆ రికార్డులు వింటున్నప్పుడు నేనేమీ పోగొట్టుకున్నట్టు ఉండదు. పైగా గొంతుల కలయికకు ప్రాణమైన స్వరాలు ఎక్కువగా 1000 కంపనాల లోపే ఉంటాయి, అచ్చులు అక్కడే పలుకుతాయి. నా చెవిలో ఆ భాగం పదిలంగా ఉంది. మాటలు లేని "అవర్ ప్రేయర్" నాకు మీ అందరికీ వినబడినట్టే వినబడుతుంది. ఈ వయసులో అది నాకు చిన్న ఆస్తి కాదు.

గురువుల కోసం ఒక ముచ్చట. హాథార్న్ హైస్కూల్లో బ్రయన్‌కు సంగీతం తరగతిలో ఎఫ్ గ్రేడు వచ్చింది. సొనాటా రాసుకు రమ్మంటే పాప్ పాట ఒకటి ఇచ్చాడు, అదే తర్వాత వాళ్ల మొదటి రికార్డు "సర్ఫిన్" అయింది. 2018 జనవరిలో, డెబ్బై అయిదేళ్ల వయసులో ఆయన ఆ బడికి వెళితే ప్రిన్సిపాల్ ఆ ఎఫ్‌ని ఏగా దిద్ది ఇచ్చారు. ఇందులో ఆ మాస్టారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అడిగింది సొనాటా, తెచ్చింది కాదు. నేను మెచ్చుకునేది బడిని. అరవై ఏళ్ల నాటి రిజిస్టరు తీసి ఒక పిల్లవాడి పేరు ఎదుట మళ్లీ కలం పెట్టిన బడిని.

ఆ పని మనమూ చేయగలమనే ఈ వేదిక మీద ఈ పాటల గురించి మాట్లాడాను. ఈ సంచికలో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ల ఫొటోలు వేశాం, వేయాల్సిందే. ల్యాబ్‌లో పరీక్షనాళికలు కడిగిపెట్టిన అటెండరు, మూడో బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుని పదో తరగతి తర్వాత చదువు ఆపేసినవాళ్లు మన బడి మధ్య స్వరాలు. కమిటీకి నా విన్నపం: వచ్చే ఏడాదిలోగా వాళ్ల పేర్లు కూడా పోగుచేద్దాం. గ్రూపులో నంబరు లేనివాళ్లను వెతికే పని నాకివ్వండి. రిటైరయ్యాక ఖాళీగానే ఉంటాను.

కార్ల్ 1998లో, బ్రయన్ 2025 జూన్‌లో వెళ్లిపోయారు. 2012 ఆల్బమ్‌లో ఆఖరి పాట "సమ్మర్స్ గాన్". ఎండ గురించి పాడిన కుర్రాళ్లు డెబ్బై దగ్గర పడ్డాక ఎండాకాలానికి వీడ్కోలు చెబుతారు. ఇంటికెళ్లాక హెడ్‌ఫోన్ పెట్టుకుని ముందు "ద వార్మ్త్ ఆఫ్ ద సన్", వెంటనే ఇది వినండి. మొదటిసారి పై గొంతు వెంట వెళ్లండి, రెండోసారి మధ్య గొంతును వెతకండి. దొరికితే నాకు మెసేజ్ పెట్టండి. ఫోన్ చేస్తే సగమే వినబడుతుంది.