కన్వర్టరు కాలితే కారణం వెదకండి


చాంపియన్ రీఫ్స్ గనిలో మూడు కిలోమీటర్లకు మించిన లోతున కార్మికులు రాతి వేడిమితో పోరాడారు. 2001లో గనులు మూతపడ్డాయి. నేడు ఇక్కడివారు ఎందరో పనికై బెంగళూరుకు వెళ్లి వస్తున్నారు. పాత పెట్రోలు కారు, అందునా స్పోర్ట్స్ కారు నడిపేవారు మరొక వేడిమిని గమనించాలి.

స్పార్క్ ప్లగ్ గాని, కాయిల్ గాని చెడితే, సిలిండరులో మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులో మండుతుంది. అది ఎర్రగా కాలి, లోపలి తేనెపట్టు వంటి గడులు కరిగి, పొగదారి మూసుకుపోతుంది. ఇంజను బలం తగ్గుతుంది. కన్వర్టరును మాత్రమే మారిస్తే కొత్తదీ పాడవుతుంది. ముందుగా ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సారు పరీక్షింపజేయాలి. అంతవరకు కారును ఎండుగడ్డిపై నిలపరాదు, నిప్పంటుకోవచ్చు. కన్వర్టరును తీసివేయడమూ పరిష్కారం కాదు. విషవాయువు కార్బన్ మోనాక్సైడు వీధిలోని పిల్లల ఊపిరిలో చేరుతుంది.