ఒక్క సూదితో తగ్గే పుండు.. దేశం నుంచి పోవడానికి 50 ఏళ్లు ఎందుకు పట్టింది?

ఇవాళ్టి టాపిక్ యాస్. యాస కాదండోయ్, యాస్! మన ఉత్తరాంధ్ర యాస గురించి ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇది ఒక చర్మవ్యాధి.

మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. వినకపోవడం మంచిదే, ఎందుకంటే ఇప్పుడు మన దేశంలో ఈ జబ్బు లేదు. కానీ అది ఎలా పోయిందో తెలుసుకోవాలి. నేను తగరపువలస నుంచి మాట్లాడుతున్నాను కదా, మా ఊరి బ్రిడ్జి కింద పారే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కొండలు దాటి ఇంకా పైకి వెళ్తే ఒడిశాలో కోరాపుట్ జిల్లా. ఈ జబ్బును తుడిచిపెట్టే పని అక్కడి నుంచే మొదలైంది.

ముందు అసలు జబ్బేంటో చూద్దాం. యాస్‌కి కారణం ట్రెపోనెమా అనే స్ప్రింగ్‌లా మెలికలు తిరిగిన బ్యాక్టీరియా. సిఫిలిస్ తెచ్చే బ్యాక్టీరియాకి ఇది దగ్గరి చుట్టం. కానీ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, యాస్ సుఖవ్యాధి కాదు. పుండు ఉన్న పిల్లాడి చర్మం ఇంకో పిల్లాడి ఒంటి మీద ఉన్న చిన్న గీతకో, దెబ్బకో తగిలితే అంటుకుంటుంది. అంతే. అందుకే ఎక్కువగా 15 ఏళ్ల లోపు పిల్లలకే వచ్చేది. వేడి, తేమ ఉన్న చోట, స్నానానికి సరిపడా నీళ్లు, సబ్బు లేని చోట బాగా వ్యాపించేది.

సోకాక రెండు నుంచి నాలుగు వారాల్లో ఒక పొక్కు లేస్తుంది. అది పెరిగి పుండవుతుంది. మామూలుగా నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొన్ని నెలలకి దానంతట అదే మానిపోతుంది కూడా. ఇంట్లో వాళ్లు 'హమ్మయ్య, తగ్గింది' అనుకుంటారు. కానీ బ్యాక్టీరియా లోపలే ఉంటుంది. మళ్లీ ఒళ్లంతా పొక్కులు, ఎముకల నొప్పులు, అరికాళ్లు పగిలి పాదం నేల మీద మోపలేకపోవడం. వైద్యం అందకపోతే ఏళ్లు గడిచాక కొందరికి ముక్కు, కాళ్ల ఎముకలు రూపు మారిపోతాయి. ప్రాణం తీయదు, మనిషిని వికలాంగుణ్ణి చేస్తుంది.

ఇంక వైద్యం. వింటే ఆశ్చర్యపోతారు. ఒక్క ఇంజెక్షన్. బెంజథిన్ పెన్సిలిన్, పెద్దవాళ్లకి 12 లక్షల యూనిట్లు, 10 ఏళ్ల లోపు పిల్లలకి 6 లక్షలు. ఒకేసారి, కండకి. అంతే, కోర్సు అయిపోయింది!

మరి ఒక్క సూదితో పోయే జబ్బు అన్నేళ్లు ఎందుకు ఉండిపోయింది? నాకు ఈ కథలో అసలు పాయింట్ ఇదే.

1952 నుంచి 1964 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 46 దేశాల్లో పెద్ద క్యాంపెయిన్ నడిపాయి. సుమారు 5 కోట్ల మందికి చికిత్స జరిగింది. కేసులు 95 శాతం తగ్గాయి. 95 శాతం అంటే డిస్టింక్షన్ కదా! అందరూ అలాగే అనుకున్నారు. ప్రత్యేక టీములు వెనక్కి వెళ్లిపోయాయి, మిగిలిన పనిని మామూలు ఆరోగ్య కేంద్రాలకి వదిలేశారు. ఆ మిగిలిన 5 శాతం ఎక్కడున్నారు? రోడ్డు ఆగిపోయిన చోట. జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకెళ్లాల్సిన చోట. వాళ్ల దగ్గరికి ఆరోగ్య కేంద్రం రాలేదు, వాళ్లు అక్కడికి వెళ్లలేకపోయారు. చాలా దేశాల్లో జబ్బు మళ్లీ తలెత్తింది.

మన దగ్గర ఇంకో మాట కూడా జరిగింది. దీన్ని 'కోయ రోగం' అన్నారు, 'గోండి రోగం' అన్నారు. ఒక్కసారి ఆలోచించండి. జబ్బుకి మనుషుల పేరు పెడితే ఏమవుతుంది? తప్పు బ్యాక్టీరియాది కాకుండా ఆ మనుషులదే అన్నట్టు అయిపోతుంది. 'వాళ్లకి వస్తుందిలే' అని మిగతావాళ్లు నిశ్చింతగా పడుకుంటారు. వాళ్లకి రావడానికి కారణం వాళ్ల కులమో తెగో కాదు, సూదిమందు వాళ్ల గుడిసె దాకా వెళ్లకపోవడం.

1996-97లో పద్ధతి మారింది. కేంద్ర ప్రభుత్వం యాస్ నిర్మూలన కార్యక్రమాన్ని కోరాపుట్‌లో పైలట్‌గా మొదలుపెట్టి, తర్వాత 10 రాష్ట్రాలకి పెంచింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈసారి రోగి వచ్చేదాకా కూర్చోలేదు. సిబ్బందే గూడేలకి వెళ్లి ఇల్లిల్లూ వెతికారు. పుండు ఉన్నవాళ్లతో పాటు, వాళ్లతో కలిసిమెలిసి ఉన్నవాళ్లకీ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎందుకంటే పైకి పుండు లేకపోయినా లోపల బ్యాక్టీరియా దాక్కుని ఉండొచ్చు. 1996లో 3,500కి పైగా ఉన్న కేసులు 2003కి 46కి వచ్చాయి. 2004లో సున్నా.

ఇక్కడ నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ నిద్ర లేచాడు. బగ్ కనిపించడం లేదంటే నిజంగా లేదా, మనం చూడలేదా? టికెట్ క్లోజ్ చేసే ముందు టెస్టింగ్ జరగాలి కదా. వీళ్లు చేసిన టెస్ట్ భలేగా ఉంది. 2006లో నిర్మూలించామని ప్రకటించి కూడా ఊరుకోలేదు. 2009 నుంచి 2011 మధ్య, ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల రక్తం పరీక్షించారు. ఆ పిల్లలంతా చివరి కేసు తర్వాత పుట్టినవాళ్లు. వాళ్ల రక్తంలో జాడ ఉంటే జబ్బు ఎక్కడో ఇంకా తిరుగుతున్నట్టు. లేకపోతే నిజంగానే ఆగినట్టు. జాడ దొరకలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ని యాస్ లేని దేశంగా గుర్తించింది. అధికారికంగా ఆ గుర్తింపు పొందిన మొదటి దేశం మనదే!

అయితే ప్రపంచంలో కథ ముగియలేదు. పాపువా న్యూ గినీ, ఘనా లాంటి చోట్ల ఇంకా ఉంది. పాపువా న్యూ గినీలో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో అజిత్రోమైసిన్ మాత్ర ఒక్క డోసు కూడా పెన్సిలిన్ అంత బాగా పనిచేస్తుందని తేలింది. సూది అక్కర్లేదు, ఊరు ఊరంతటికీ మాత్రలు పంచొచ్చు. కానీ 2018 నాటికి అక్కడే కొన్ని కేసుల్లో ఆ మందుకి లొంగని బ్యాక్టీరియా కనిపించింది. అందుకే మాత్ర పంచి వచ్చేస్తే సరిపోదు. మళ్లీ వెళ్లి చూడాలి, మళ్లీ వెతకాలి.

సరే, మనకెందుకు ఇదంతా అంటారా? మూడు మాటలు చెప్పి ముగిస్తా.

ఒకటి, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే, నొప్పి లేదని వదిలేయకండి. నొప్పి లేకపోవడమే ఒక్కోసారి ప్రమాద సూచన. అది షుగర్ పుండు కావొచ్చు, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన చోట వచ్చింది కావొచ్చు. కుష్ఠుకి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది.

రెండు, మెడికల్ షాప్‌లో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోకండి. చూడ్డానికి ఒకేలా ఉన్న పుండ్లకి వైద్యం ఒకటి కాదు. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కనిపించే బురులి పుండుకి రెండు రకాల మందులు 8 వారాలు వాడాలి. యాస్‌కి ఒక్క డోసు చాలు. ఏదేంటో డాక్టరే తేల్చాలి. పెన్సిలిన్ పడనివాళ్లు కూడా ఉంటారు, ఆ సూది ఆసుపత్రిలోనే వేయించుకోవాలి.

మూడు, ఈసారి అరకు వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డు మీద రీల్స్ తీసుకోండి, తప్పులేదు. ఆ రోడ్డు దిగి కాలిబాట పట్టి, ప్రతి గడపా తొక్కి పిల్లల కాళ్లూ చేతులూ చూసిన ఆరోగ్య కార్యకర్తలని కూడా ఒక్కసారి తలుచుకోండి. మందు కనిపెట్టినవాళ్ల పేరు పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని చివరి గుడిసె దాకా మోసినవాళ్ల పేరు మనకి తెలీదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఏఎన్ఎమ్‌గానో ఆశాగానో పనిచేసినవాళ్లుంటే, వాళ్లు నడిచిన దారుల గురించి అడిగి కామెంట్‌లో రాయండి. నేను అన్నీ చదువుతాను. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి!