సింప్సన్స్ సీజన్ 1 స్కిప్ చేయకండి: హోమర్ జీతం కథ



"సింప్సన్స్" అనగానే మన ఫీడ్‌లో వచ్చే రీల్స్ అన్నీ ఒకే టైపు. "ఈ కార్టూన్ ఫ్యూచర్ ముందే చెప్పేసింది!" అని. ట్రంప్ ప్రెసిడెంట్ అయినట్టు 2000లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో నిజంగానే ఒక జోక్ ఉంది, అది ఒప్పుకుంటా. కొన్ని రీల్స్‌లో మాత్రం ఫొటోలే ఎడిట్ చేసినవి. సరే, ఈరోజు టాపిక్ అది కాదు. అసలు ఆ షో మొదట్లో ఎలా ఉండేది? ఈ మధ్య సీజన్ 1 మొత్తం మళ్ళీ చూశాను. 13 ఎపిసోడ్‌లే, ఒక వీకెండ్ చాలు.

ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా "మొదటి రెండు సీజన్‌లు వదిలేసి మూడు నుంచి చూడు బ్రో" అంటారు. కారణం అర్థమవుతుంది. బొమ్మలు వంకరగా ఉంటాయి. హోమర్ గొంతు వేరేలా ఉంటుంది, డాన్ కాస్టెలనెటా అప్పట్లో వాల్టర్ మాథౌ అనే హాలీవుడ్ నటుడిని అనుకరిస్తూ చెప్పేవాడు. స్మిదర్స్ మొదటిసారి స్పష్టంగా కనిపించే ఎపిసోడ్‌లో అతని రంగే వేరు, జుట్టు నీలం! కలర్ వేసేటప్పుడు పొరపాటు జరిగి అలాగే టీవీలో వచ్చేసింది.

దీని వెనక మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చే కథ ఒకటి ఉంది. ఫస్ట్ ఎపిసోడ్‌గా వేద్దామనుకున్నది అసలు వేరేది, "సమ్ ఎన్చాంటెడ్ ఈవెనింగ్". యానిమేషన్ చేయించి కొరియా నుంచి తెప్పించారు. వేసి చూస్తే మేకర్స్‌కి గుండె ఆగినంత పనైంది. తలుపు వేస్తే తలుపే రబ్బరులా వంగుతోందట! దాదాపు 70 శాతం మళ్ళీ చేయించారు. ఆ ఎపిసోడ్ సీజన్ చివరికి, 1990 మే నెలకి వెళ్ళిపోయింది. షో లాంచ్ కూడా వెనక్కి జరిగి 1989 డిసెంబర్ 17కి వచ్చింది. బిల్డ్ ఫెయిలయింది, రిలీజ్ వాయిదా పడింది, వేరే బిల్డ్‌తో లైవ్‌కి వెళ్ళారు. అంతే.

అలా ముందుకొచ్చింది క్రిస్మస్ ఎపిసోడ్. నా దృష్టిలో అది అదృష్టం.

కథ చెప్తా, స్పాయిలర్ అనుకోవద్దు, ముప్పై ఏళ్ళు దాటింది. బార్ట్ టాటూ వేయించుకుంటాడు. మార్జ్ పండక్కి దాచుకున్న డబ్బంతా దాన్ని తీయించడానికి ఖర్చయిపోతుంది. ఏం పర్లేదు, హోమర్‌కి బోనస్ వస్తుంది కదా అనుకుంటారు. అటు ఆఫీసులో బర్న్స్ ఈసారి బోనస్ లేదని ప్రకటిస్తాడు. హోమర్ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పలేడు! ఎవరికీ తెలియకుండా మాల్‌లో శాంటా వేషం వేసే పార్ట్ టైమ్ జాబ్‌లో చేరతాడు. చివరికి చెక్ చేతికొస్తే 13 డాలర్లు. ట్రైనింగ్‌కి కటింగ్, డ్రెస్‌కి కటింగ్, గడ్డం అద్దెకి కూడా కటింగ్.

మొదటి జీతం రోజు సీటీసీకీ చేతికొచ్చినదానికీ తేడా చూసుకుని నోరు తెరిచిన వాళ్ళు కామెంట్‌లో చెయ్యెత్తండి. కాలేజీలో ఉండగా ఈ సీన్‌కి నవ్వాను. జాబ్‌లో చేరాక ఒక ఏడాది మాకు వేరియబుల్ పే కట్ చేశారు. ఇంట్లో మాత్రం "ఈసారి కాస్త లేట్‌గా వేస్తారంట" అని చెప్పా. ఆ తర్వాత మళ్ళీ చూస్తే హోమర్ ముఖం మీదే కళ్ళు ఆగిపోయాయి. మనిషి బాధపడుతున్నది డబ్బు లేనందుకు ఒక్కటే కాదు, అది ఇంట్లో తెలిసిపోతుందేమోనని.

సీజన్ 1 అంతా ఇదే భయం. ఇంకో ఎపిసోడ్‌లో ఫ్యామిలీ కౌన్సెలింగ్ ఫీజు కోసం టీవీ తాకట్టు పెడతాడు. మరోదాంట్లో ఉద్యోగమే పోతుంది. 1994కి వచ్చేసరికి అదే హోమర్ స్పేస్‌లోకి వెళ్ళొస్తాడు! నవ్వు పరంగా అది బెటర్, మోనోరైల్ ఎపిసోడ్ అయితే ఇంకా బెటర్, నేనేం కాదనను. కానీ స్పేస్‌కి వెళ్ళగలిగిన మనిషికి 13 డాలర్లతో వచ్చే కష్టం ఏముంటుంది? జోకులు పెరిగాయి, ఆ ఇంటి బరువు తగ్గింది.

లీసా ఎపిసోడ్ కూడా చెప్పాలి, "మోనింగ్ లీసా". పాపకి ఊరికే బాధగా ఉంటుంది, కారణం లేదు. చిన్నప్పుడు తనకి వాళ్ళమ్మ చెప్పినదే మార్జ్ కూతురికి చెప్తుంది: లోపల ఏమున్నా నవ్వుతూ ఉండు, అందరూ నిన్ను ఇష్టపడతారు. మన ఇళ్ళలో కొత్తేం కాదు కదా, "నలుగురిలో ముఖం అలా పెట్టకు" అని. స్కూల్ దగ్గర దింపి చూస్తుంది. నవ్వుతున్న లీసాని అందరూ వాడేసుకుంటున్నారు. మార్జ్ కారు గిర్రున వెనక్కి తిప్పి, కూతుర్ని లాగి కూర్చోబెట్టుకుని, నీకు బాధపడాలనిపిస్తే బాధపడు, మేమున్నాం అంటుంది. కార్టూన్ అండీ ఇది, 1990లో!

అయితే అదే సీజన్‌లో, అదే ఫిబ్రవరిలో, అపు కూడా మొదటిసారి వస్తాడు. స్టోర్ నడిపే ఇండియన్. గొంతు హాంక్ అజేరియాది, అంటే తెల్ల నటుడిది. న్యూయార్క్‌లో పెరిగిన కమెడియన్ హరి కొండబోలు, మన తెలుగు కుటుంబమే, 2017లో దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ యాసతోనే తమలాంటి పిల్లల్ని ఏడిపించేవారని అతని పాయింట్. అక్కడ చదువుకుంటూ స్టోర్ కౌంటర్‌లో నిలబడిన ఫ్రెండ్స్ మనలో చాలామందికి ఉన్నారు కాబట్టి ఆ పాయింట్‌ని ఈజీగా కొట్టేయలేను. 2018లో షో ఇచ్చిన జవాబు చూస్తే నాకు చిరాకేసింది. అప్పట్లో ఎవరూ తప్పనుకోలేదు, ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అన్నట్టు లీసా చేతే అనిపించారు. ఎవరి చేత? లీసా చేత! ఎదుటివాళ్ళ బాధ అందరికంటే ముందు పట్టించుకునే అమ్మాయి చేత. 2020లో అజేరియా ఆ పాత్రకి గొంతు ఇవ్వడం మానేశాడు. నేనైతే ఆ పాత ఎపిసోడ్‌లు తీసేయమనను. అపు వచ్చినప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు, అంతే.

మొదలుపెట్టేవాళ్ళు క్రిస్మస్ ఎపిసోడ్, తర్వాత "మోనింగ్ లీసా" చూడండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, పాత ఆడియో కాస్త మందంగా ఉంటుంది. ఆ పందెం కుక్క ఇంటికెలా వస్తుందో నేను కావాలనే చెప్పలేదు. వచ్చే వారం సీజన్ 2, అందులో లీసాకి వచ్చిన కొత్త టీచర్ గురించి. బై.