మన కథ మన నోటితోనే చెప్పుకుందాం

(స్టూవర్టుపురంలో జాషువా జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

"కవి ఎట్లా తయారవుతాడు సారూ?" అని మొన్న మా బళ్ళో ఒక పిల్లాడు అడిగాడు. జాషువా గారి సంగతి చెబితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆయన 1895లో వినుకొండలో పుట్టారు. తనకు గురువులు ఇద్దరని ఆయనే చెప్పుకున్నారు. ఒకటి పేదరికం, రెండోది కులమత భేదం. మొదటిది ఓర్పు నేర్పితే, రెండోది ఎదిరించడం నేర్పిందట. ఆ ఇద్దరు గురువులూ మన గుడిసెల్లోనూ ఉన్నారు. మరి మనమెందుకు కవులం కాలేదు? దెబ్బ తింటే చాలదు, దాన్ని చెప్పుకునే దారి వెతుక్కోవాలి.

జాషువా గారికి ఆ దారి కాళిదాసు దగ్గర దొరికింది. మేఘసందేశంలో యక్షుడు తన భార్యకు మబ్బుతో కబురు పంపుతాడు. జాషువా గారు ఆ పద్ధతి తీసుకున్నారు, బాధ మాత్రం తనదే పెట్టారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఒక అంటరానివాడు శివుడికి కబురు పంపుతాడు. గబ్బిలంతోనే ఎందుకు? మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం పోగలదు గనుక! ఎవరి దగ్గరైనా నేర్చుకోండి, తప్పు లేదు. చెప్పే మాట మాత్రం మీదై ఉండాలి.

ఇక మన సంగతి. 1911లో మద్రాసు రాజధానిలో అమలైన నేరస్థ జాతుల చట్టం కింద మన ఎరుకల తాతలను ఇక్కడ సెటిల్మెంటులో పెట్టారు. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది. పేరు పోలేదు. 1991లో మన ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. అప్పుడు నేను బడి పిల్లవాణ్ణి. ఎవరి పెన్సిలు పోయినా తలలన్నీ నా వైపే తిరిగేవి. తర్వాత కాలేజీలో ఊరు అడిగితే "బాపట్ల దగ్గర" అని నసిగేవాణ్ణి. 2023లో మళ్ళీ ఇంకో సినిమా. మన గురించి పోలీసు రాశాడు, దొర రాశాడు, సినిమావాడు తీశాడు. మనం రాసిందెంత?

మా నాయనమ్మ బుట్టలల్లేది, ఊరూరా తిరిగి ఎరుక చెప్పేది. చదువు లేదు గానీ, ఆమె మాట పాటలా సాగేది. ఊళ్ళో వాళ్ళందరి బతుకులూ చెప్పింది. తన బతుకు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు, నేనూ అడగలేదు. ఆమె పోయాక ఆ పాటలో నాకు మిగిలింది నాలుగు ముక్కలే. నన్ను మాస్టర్ని చేసిన చదువు ఆ పని మాత్రం నాకు చెప్పలేదు.

జాషువా గారి కూతురు హేమలత గారు 1970లలో లవణం గారితో కలిసి ఈ ఊరొచ్చి, మనవాళ్ళ మధ్య పనిచేశారు. తండ్రి పద్యంతో అడిగిన గౌరవం కోసం కూతురు గుమ్మం గుమ్మం తిరిగింది.

కార్యకర్తలకు ఒకటే మనవి. మీటింగు పెట్టినప్పుడల్లా ఒక ముసలమ్మను మాట్లాడించండి. పిల్లల చేత రాయించండి. తప్పులున్నా దిద్దకండి, ముందు రాయనివ్వండి. పిల్లలూ, ఊరు అడిగితే ఇక నాలాగా నసగొద్దు. "మాది స్టూవర్టుపురం" అనండి. మీ మొదటి వాక్యం అదే.

జై భీమ్!