కొత్త గిటారుకు చిలుము ఎందుకు?



చింతపండు, ఉప్పు, కాస్త బూడిద. ఇత్తడి బిందె మీది చిలుము వదలగొట్టడానికి మన అమ్మమ్మలు ఎంత చాకిరీ చేశారో మీకు వేరే చెప్పక్కర్లేదు. పండగ వస్తోందంటే దేవుడి సామాను తోమడంతోనే మనకీ భుజాలు పడిపోతాయి. అలాంటిది, తళతళలాడే కొత్త వస్తువు కొని తెచ్చి, చేజేతులా దానికి చిలుమూ తుప్పూ పట్టించేవాళ్లున్నారంటే నవ్వు రాదూ? ఉన్నారండీ. గిటారు వాయించే పిల్లలున్న ఇళ్లలో ఈ ముచ్చట ఈపాటికే వచ్చి ఉంటుంది. "అమ్మా, బాత్‌రూం కడిగే యాసిడ్ ఎక్కడుంది?" అని మీ అబ్బాయి అడిగితే, సీసా చేతికిచ్చే ముందు ఈ నాలుగు మాటలూ వినండి.

ఈ సరదా పాశ్చాత్య దేశాలది. అక్కడ 1950, 60ల నాటి గిటార్లంటే సంగీతం వాళ్లకు మహా మోజు. ఐర్లండుకు చెందిన రోరీ గాలగర్ వాయించిన 1961 నాటి స్ట్రాటోకాస్టర్‌కు ఏళ్ల తరబడి చెమట తగిలి, రంగు చాలామటుకు ఊడి, లోపలి చెక్క బయటపడింది. అమెరికాలో విల్లీ నెల్సన్ గిటారుకైతే వాయించి వాయించి చిల్లే పడింది. అది కష్టపడి సంపాదించుకున్న పాతదనం. అంత ఓపిక లేనివాళ్ల కోసం ఫెండర్ కంపెనీ 1995లో "రెలిక్" అనే పేరుతో, ముందే అరగదీసి మసకబార్చిన కొత్త గిటార్లు అమ్మకానికి పెట్టింది. వాటిని కొనలేని కుర్రకారు ఇంట్లోనే ఆ పని మొదలుపెడతారు. చెక్క జోలికి పోవడానికి భయపడి, ముందు లోహపు భాగాల మీద పడతారు. వీణకు బిరడలున్నట్టే గిటారుకు తీగలు బిగించే మరలుంటాయి కదా, అవీ, తీగలు ఆనుకునే పలకా, స్క్రూలూ, మూతలూ అన్నమాట.

పాతబడటమంటే ఏమిటి? గాలీ, తేమా, చెమటలోని ఉప్పూ కలిసి లోహాన్ని కొద్దికొద్దిగా తినేయడమే. ఇరవై ఏళ్లు పట్టే పనిని ఒక్క రాత్రిలో చేయించాలంటే దానికి ఘాటైన మందు కావాలి. అందుకని డబ్బా అడుగున యాసిడ్ పోసి, పైన సామాను వేలాడదీసి, మూత పెట్టేస్తారు. ఆ ఆవిరికే నికెల్ పూత మెరుపు పోతుంది. మూత తీశాక ఆ ఆవిరే ముక్కులోకీ, కళ్లలోకీ, ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. పక్కనున్న కుట్టుమిషనూ, ఇనప బీరువా కూడా తుప్పు పడతాయి. అదే డబ్బాలో బ్లీచింగ్ ద్రవం కలిసిందా, క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్రాణాల మీదికి తెచ్చే విషం. యాసిడ్ అమ్మకాల మీద 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. కొనేవాళ్లు గుర్తింపు కార్డు చూపించాలి, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. దుకాణంలో దొరకనిది పిల్లవాడికి మన బాత్‌రూంలో దొరక్కుండా చూడటం మన వంతు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను బతిమాలే దాన్ని కాదు, ఖచ్చితంగా వద్దంటాను.

మరి వాడి సరదా మాటేమిటంటారా? వంటింటి వెనిగర్ చాలు. మొదట ఆ పూత ఏదో చూసుకోవాలి. నీలిఛాయ తెలుపుతో అద్దంలా మెరిస్తే క్రోమియం, దాన్ని వెనిగర్ ఏమీ చేయలేదు. కొంచెం పసుపు ఛాయలో వెచ్చగా కనిపిస్తే నికెల్, అది లొంగుతుంది. సబ్బునీళ్లతో జిడ్డు వదలగొట్టి, గిన్నెలు తోమే స్టీలు పీచుతో మెరుపు పోయేట్టు సుతారంగా రుద్దాలి. అదీ చెయ్యి ఆనేచోట ఎక్కువ, మూలల్లో తక్కువ. తర్వాత ప్లాస్టిక్ డబ్బా అడుగున వెనిగర్ పోసి, పైన జాలీ మీద సామాను పెట్టి, గాలి ఆడేచోట వదిలేయాలి. రోజుకోసారి చూసుకోవాలి. ఉక్కు స్క్రూలనైతే వెనిగర్‌లోనే ఒక రాత్రి నానబెట్టి, ఉప్పునీళ్లు తుడిచి ఆరనిస్తే తుప్పు రంగు తిరుగుతుంది. చాలనుకున్నాక వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాయాలి. లేకపోతే తుప్పు మనం ఆపమన్నచోట ఆగదు. తీగలు బిగించే మరల లోపల పళ్లచక్రాలుంటాయి, వాటిని తడపకూడదు. తీగ ఆనే గాడికి తుప్పు పట్టనిస్తే తీగలు తెగుతూనే ఉంటాయి. కరెంటు తీగలున్న భాగాన్ని అసలు విప్పనివ్వకండి.

గిటారు లేని ఇంట్లో కూడా ఈ విద్య పనికొస్తుంది. కొత్త రాగి చెంబు పూలు పెట్టుకోవడానికి మరీ మెరుస్తోందనిపిస్తే, ఉడికిన కోడిగుడ్డు చిదిమి చెంబుతోపాటు గట్టి మూత డబ్బాలో పెట్టండి. గుడ్డులోని గంధకానికి చెంబు గోధుమరంగుకు తిరుగుతుంది. వాసన మాత్రం భరించాలి! ఇత్తడికి అమ్మోనియా పెట్టమని చెప్పేవాళ్లున్నారు. బిగించి ఉండే ఇత్తడి స్క్రూలకూ, స్ప్రింగులకూ అది మంచిది కాదు. బ్రిటిషువాళ్ల కాలంలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటాలు వానాకాలం వచ్చేసరికి వాటంతటవే పగిలేవట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు.

వండుకునే, తాగే పాత్రలకు మాత్రం ఇవేవీ చేయొద్దు. రాగి చిలుము కడుపులోకి పోతే వాంతులు పట్టుకుంటాయి. మన పెద్దలు ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించింది ఊరికే కాదు కదండీ.

ఇంకొకటి. ఈ విద్య తెలిసినవాళ్లు ఎగ్జిబిషన్లలో నిన్నటి దీపపు కుందిని "వందేళ్ల నాటిది తల్లీ" అని మనకు అంటగడతారు. ఇంట్లో అలంకారానికి పాతబరిస్తే ముచ్చట, పాతదని చెప్పి అమ్మితే మోసం. నిజంగా వాడిన కుంది చెయ్యి పట్టేచోట నున్నగా అరిగి మెరుస్తుంది, చెక్కడాల సందుల్లో నల్లబడుతుంది. పైనుంచి కిందిదాకా ఒకే పచ్చదనం ఉండి, తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకంటుకుంటే, ధర విని కంగారుపడకుండా వెనక్కి ఇచ్చేయండి.