భీరువు: ఒక మాట వెనుక కథ

ఈ పూట ‘భీరువు’ అనే మాట గురించి చెప్పుకుందాం.

భీరువు అంటే భయస్థుడు. సంస్కృతంలో ‘భీ’ అనే ధాతువుకు భయపడటమని అర్థం. భయం, భీతి, భీకరం అన్నీ ఆ వేరు నుంచి మొలిచినవే. విచిత్రమేమిటంటే భీముడు, భీష్ముడు కూడా ఆ ఇంటివాళ్లే! భయపడేవాడు భీరువు, ఎవరిని చూసి లోకం భయపడుతుందో అతడు భీముడు. సంస్కృత వ్యాకరణకర్త పాణిని ఈ రెండు రకాల మాటలకూ వేర్వేరు సూత్రాలు చెప్పాడు. ఈ వేరు చాలా దూరం పాకింది. రష్యన్‌లో భయపడటాన్ని ‘బయాత్సా’ అంటారు. అదీ దీనికి చుట్టమే.

మన వాడుకలో భీరువు గ్రంథాల మాట. ఇంట్లో, వీధిలో వినిపించేది ‘పిరికివాడు’. కోపం వస్తే ‘పిరికిపంద’ అంటాం. పాత తెలుగులో ‘పంద’ అన్నా పిరికివాడనే అర్థం. అంటే ఒకే నిందను రెండుసార్లు వేస్తున్నామన్నమాట. ఎదుటివారి ధైర్యాన్ని నీరుగార్చే మాటలు చెబితే ‘పిరికిమందు పోయకు’ అంటాం.

అయితే భీరువు అన్నివేళలా తిట్టు కాదు. యుద్ధభీరువు అంటే నింద. పాపభీరువు అంటే మెప్పు. తప్పు చేయడానికి జంకే మనిషిని మన పెద్దలు గౌరవించారు. దేనికి భయపడుతున్నామన్నదే మనిషి విలువను చెబుతుంది. పిల్లలను పిరికివాళ్లని పిలిచే ముందు ఈ తేడాను ఒక్కసారి తలచుకుందాం.