కొవ్వు గడ్డ: కోయించుకోవాలా, వద్దా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ సభ జరుపుకుంటున్నాము. డి.ఏ. గురించి మాట్లాడడానికి సమర్థులైన వక్తలున్నారు. నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, మండల ఆఫీసులో రిటైరైనవాడిని. కనుక నా వీపు మీది గడ్డ గురించే మనవి చేస్తాను.

నాలుగేళ్ల క్రితం స్నానం చేస్తుండగా కుడి భుజం వెనుక నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. మెత్తగా ఉంది, నొక్కితే పక్కకు జారుతోంది, నొప్పి లేదు. ఎవరికీ చెప్పలేదు. కారణం మా అన్నగారు. ఆయన మెడ మీది గడ్డను "అదే పోతుందిలే" అని ఏడాది దాచారు. చూపించేసరికి అది క్యాన్సర్. ఆయన మాకు దక్కలేదు. అది కళ్లారా చూసినవాణ్ణి వెంటనే పరుగెత్తవలసింది పోయి, భయంతో అదే తప్పు నేనూ చేశాను. రెండేళ్లు చొక్కా కింద దాచాను. ఒక పండగనాడు వీపు రుద్దుతూ మా ఇంటావిడ చూసింది. "ఏమండీ, ఇదెన్నాళ్ల నుంచి?" అని అడిగింది. జవాబు చెప్పలేక తల దించుకున్నాను.

ఇక సలహాలు మొదలైనాయి. ఒకరు నెయ్యి మానమన్నారు. ఒకరు వాత పెట్టించమన్నారు. మరొకరు మన కనిగిరి ఫ్లోరైడు నీళ్ల వల్లనే అన్నారు. ఫ్లోరైడు పాడుచేసేది పళ్లను, ఎముకలను. ఈ గడ్డకు దానితో సంబంధం లేదు. వాతలతో, మర్దనాలతో ఇది కరగదు, పుండు మాత్రం పడుతుంది.

ఒంగోలులో సర్జన్ గారికి చూపించాము. చేత్తో పరీక్షించి, స్కానింగ్ తీయించి, "ఇది కొవ్వు గడ్డ, మేము లైపోమా అంటాము. క్యాన్సర్ కాదు. తీయించుకున్నా సరే, ఉంచుకున్నా సరే, మీ ఇష్టం" అన్నారు.

ఆ "మీ ఇష్టం" దగ్గరే నాకు చిక్కు వచ్చింది. సర్వీసంతా నోటు రాసి పైకి పెట్టినవాడిని, సంతకం ఆఫీసరుగారిది. ఈ ఫైలు మీద సంతకం నేనే చేయాలి! ఇంటికొచ్చి అలవాటు చొప్పున నోటు రాసుకున్నాను. తీయించుకుంటే, చిన్న ఆపరేషనే. ఆ చోటు వరకు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి తీస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వస్తారు, గడ్డ అక్కడే మళ్లీ రావడం అరుదు. కానీ మచ్చ పడుతుంది, ఒక్కోసారి చీము పట్టవచ్చు. నాకా సుగరుంది, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను. గడ్డ వల్ల నొప్పి లేదు, పడుకుంటే అడ్డం లేదు. ఈ వయసులో నా వీపు అందం చూసేవారెవరు? ఉంచుకోవడానికే నిర్ణయించాను.

మా మిత్రుడొకరు నడుము మీది గడ్డను బెల్టు ఒరుసుకుంటోందని తీయించుకున్నారు. ఆయన నిర్ణయమూ సబబే.

అయితే నేను ఫైలు మూసేయలేదు. ఉగాదికొకసారి, దసరాకొకసారి మా ఇంటావిడ కుట్టుమిషను టేపుతో కొలిచి క్యాలెండరు మీద రాస్తుంది. మూడున్నర సెంటీమీటర్లు. రెండేళ్లుగా మారలేదు. గడ్డ త్వరగా పెరిగినా, 5 సెంటీమీటర్లు దాటినా, గట్టిపడినా, కదలకుండా లోపలికి అంటుకున్నా, నొప్పి పెట్టినా ఆలస్యం చేయకుండా మళ్లీ చూపించాలి. తీసిన గడ్డను బయాప్సీకి పంపమని అడగాలి. మెడలో, చంకలో, రొమ్ములో గడ్డ కనబడితే "కొవ్వేలే" అని మనకు మనమే తీర్పు చెప్పుకోరాదు. ఆపరేషనుకు ముందు వాడే మాత్రలన్నీ డాక్టరుకు చెప్పాలి, వాటిని సొంతంగా ఆపరాదు. ఖర్చు విషయం హెల్త్ కార్డు చూపించి ఆసుపత్రిలో ముందే రూఢి చేసుకోండి.

మిత్రులారా! గడ్డను ఉంచుకోవడం తప్పు కాదు. చూపించకుండా ఉంచుకోవడమే తప్పు. మా అన్నగారికి ఈ మాట చెప్పలేకపోయాను. మీలో ఎవరైనా చొక్కా కింద ఏదైనా దాచి ఉంటే, ఈ రాత్రికే ఇంట్లో చెప్పండి.